అరవై ఏళ్లు దాటిన పాట ఎవరిది?

నంద్యాల బస్టాండు దగ్గర టీకొట్టులోనైనా, అహోబిలం దారిలో ఆళ్లగడ్డ హోటల్లోనైనా పొద్దున్నే వినిపించే పాటల్లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ్వర సుప్రభాతం ముందుంటుంది. ఆ రికార్డును హెచ్ఎంవీ 1963లో విడుదల చేసింది. మన చట్టం లెక్క ప్రకారం ఆ రికార్డింగు మీద హక్కు 2023 డిసెంబరు 31తో తీరిపోయింది. ఇప్పుడు మన దేశంలో ఎవరైనా దానికి నకళ్లు తీసి అమ్ముకోవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ రాయల్టీ కట్టక్కర్లేదు.

దాని వెనకే ఘంటసాల భగవద్గీత మొదలైందనుకుందాం. శ్లోకాలు వ్యాసుడివి, వాటి మీద ఎవరికీ హక్కు లేదు. కానీ బాణీ ఘంటసాలది. ఆయన 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. సంగీతకర్త పోయిన తర్వాత అరవై ఏళ్లపాటు బాణీ మీద హక్కు ఉంటుంది కాబట్టి 2034 చివరిదాకా అది చెల్లుతుంది. పైగా అది ఆయన చివరి ఏళ్ల రికార్డింగు. దాని గడువు కూడా తీరలేదు. కూర్చుని టీ తాగేవాళ్లకు రెండూ పాత పాటలే. వాటిని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి మహానంది గుడి ముందు అమ్మాలనుకునేవాడికి మాత్రం మొదటిది సక్రమమైన వ్యాపారం, రెండోది నేరం.

ఇలా హక్కులు తీరిన సినిమాలను, పాటలను ఏరి, నకళ్లు తీసి, తక్కువ ధరకు అమ్మే వ్యాపారం అమెరికాలోనూ యూరప్‌లోనూ దశాబ్దాలుగా ఉంది. యాభై పాత సినిమాలను ఒకే పెట్టెలో పెట్టి ఒక కొత్త సినిమా డిస్కు ధరకే ఇచ్చే కంపెనీలు అక్కడ ఉన్నాయి. మన దగ్గర ఇలాంటి వ్యాపారానికి సరుకు ఇప్పుడే సమకూరుతోంది. ఏటా జనవరి 1న ఒక్కో సంవత్సరం సినిమాలు గడువు దాటి బయటికొస్తున్నాయి. 'గుండమ్మ కథ' (1962) గడువు 2022తో తీరింది. 'లవకుశ', 'నర్తనశాల' (1963) ఆ మరుసటి ఏడు. 'రాముడు భీముడు' (1964) 2024తో. 'పాండవ వనవాసం' (1965) 2025తో. మనం స్వర్ణయుగం అని పిలుచుకునే కాలమంతా మెల్లగా పబ్లిక్ డొమైన్‌లోకి (ఎవరి హక్కూ లేని, అందరూ వాడుకోదగిన స్థితిలోకి) జారుతోంది.

ముందు చట్టం సంగతి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 1958 జనవరి 21న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం సినిమాకు గానీ, ధ్వనిముద్రణకు (రికార్డింగుకు) గానీ విడుదలైన సంవత్సరం ముగిశాక అరవై ఏళ్లు రక్షణ ఉంటుంది. మొదట ఇది యాభై ఏళ్లే. రవీంద్రనాథ్ టాగూర్ 1941లో పోయారు. ఆయన రచనల మీద విశ్వభారతికి ఉన్న హక్కు 1991తో ముగియబోతుండగా, ఆ డిసెంబరులో కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. 1992లో అది చట్టమైంది. రచనలతో పాటు సినిమాలకూ రికార్డులకూ పదేళ్లు కలిసొచ్చాయి. శాంతినికేతన్ కోసం తీసుకున్న నిర్ణయం వల్ల మన 'దేవదాసు' (1953) 2003లో అందరిదీ కావాల్సింది, 2013 దాకా ఆగింది. అప్పటికే గడువు తీరిపోయిన వాటిని మాత్రం ఆ సవరణ మళ్లీ బతికించలేదు. అందుకే 1940 దాకా వచ్చిన టాకీలు, గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల', 'రైతుబిడ్డ' లాంటివి ఈ పదేళ్ల లెక్కలోకి రావు. 1958కి ముందు విడుదలైన సినిమాలకు అంతకుముందున్న చట్టం కూడా అడ్డొస్తుంది కాబట్టి వాటి లెక్కలో కొంత చిక్కు ఉంది. అరవై ఏళ్ల సూత్రాన్నే వాటికీ వాడటం మామూలు పద్ధతి.

ఇక్కడిదాకా లెక్క సులువు. కష్టం తర్వాత మొదలవుతుంది. ఎందుకంటే సినిమా మీద ఉండేది ఒక హక్కు కాదు. మన పల్లెల్లో ఒక పొలం ఒకరి పేర ఉంటుంది, బావిలో నలుగురికి వాటా ఉంటుంది, గట్టు మీది చింతచెట్టు ఫలసాయం ఇంకొకరిది. పొలం కొన్నవాడికి చెట్టు రాదు. సినిమా కూడా అంతే. చట్టంలో 13వ సెక్షన్ ఈ మాటే చెబుతుంది: సినిమా మీద ఉన్న హక్కు వేరు, అందులో వాడిన కథ, మాటలు, సాహిత్యం, సంగీతాల మీద ఉన్న హక్కు వేరు. మొదటిది విడుదల నుంచి లెక్క. రెండోది రాసినవారు, స్వరపరిచినవారు పోయిన సంవత్సరం నుంచి లెక్క.

'మాయాబజార్' తీసుకుందాం. 1957 మార్చి 27న విడుదలైంది. సినిమాగా దాని గడువు 2017తో తీరింది. కానీ మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావువి. ఆయన 1971లో పోయారు. కాబట్టి వాటి హక్కు 2031 చివరిదాకా. సంగీతం ఘంటసాలది, అది 2034 దాకా. అక్కడితో అయిపోలేదు. ఆ సినిమాకు మొదట సంగీతం మొదలుపెట్టింది సాలూరి రాజేశ్వరరావు. నాలుగు పాటలకు బాణీలు కట్టి ఆయన తప్పుకున్నారు. ఆ బాణీలను ఘంటసాల ఆర్కెస్ట్రాతో రికార్డు చేశారు. రాజేశ్వరరావు 1999 దాకా ఉన్నారు. ఆ నాలుగు బాణీల మీద హక్కు 2059 దాకా సాగుతుంది. ఒకే సినిమాలో ఒక పాటకూ పక్క పాటకూ మధ్య పాతికేళ్ల తేడా.

అలాంటప్పుడు సినిమా పబ్లిక్ డొమైన్‌లోకి వచ్చిందంటే ఏం వచ్చినట్టు? న్యాయవాదుల్లో రెండు వాదనలున్నాయి. ఒకటి: రచయిత, సంగీతకర్త తమ పనిని ఆ సినిమాలో చేర్చడానికి ఒకసారి ఇచ్చేశారు కాబట్టి, సినిమాను ఉన్నదున్నట్టు కాపీ చేస్తే వాళ్ల హక్కు అడ్డురాదు. పాటను విడదీసి అమ్మినా, మాటలను పుస్తకంగా వేసినా, కథతో మళ్లీ సినిమా తీసినా మాత్రం అడ్డొస్తుంది. రెండోది: లోపలి హక్కు బతికున్నంతకాలం సినిమా నకలు కూడా ఆ హక్కును తాకినట్టే. మన చట్టంలో ధ్వనితో కూడినదే సినిమా అన్న నిర్వచనం ఉంది కాబట్టి మొదటి వాదనకు బలం ఎక్కువని నాకనిపిస్తుంది. అయినా తక్కువ పెట్టుబడితో వ్యాపారం పెట్టేవాడికి వాదన గెలవడం కంటే కోర్టుకు వెళ్లకుండా ఉండటమే లాభం. ఒక్క నోటీసు వస్తే పది సినిమాల లాభం పోతుంది.

ఈ చిక్కు ఎంత దూరం పోతుందో అమెరికాలో ఒక సినిమా చూపించింది. 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' అని 1946 నాటి సినిమా. అప్పటి అక్కడి చట్టంలో ఇరవై ఎనిమిదేళ్లు నిండే ఏడాది హక్కును పునరుద్ధరించుకోవాలి. 1974లో అది జరగలేదు. సినిమా అందరి సొత్తయింది. టీవీ స్టేషన్లు డబ్బు కట్టక్కర్లేదని ప్రతి క్రిస్మస్‌కూ వేశాయి. విడుదలైనప్పుడు డబ్బు రాబట్టలేని సినిమా అలా ఇంటింటి సినిమా అయింది. వీడియో క్యాసెట్ల వాళ్లు రకరకాల ధరలకు అమ్మారు. 1993లో రిపబ్లిక్ పిక్చర్స్ అనే సంస్థ ఆధారమైన కథ మీదా, సంగీతం మీదా హక్కులు తనవేనని ముందుకొచ్చింది. సినిమా స్వేచ్ఛగానే ఉంది, లోపలి కథ మాత్రం కాదు. దాంతో చవక క్యాసెట్ల అమ్మకం ఆగిపోయింది.

మన సినిమాల్లో ఈ లోపలి హక్కులు ఎవరి చేతిలో ఉంటాయన్నది ఇంకో మెలిక. 1977లో సుప్రీంకోర్టు ఒక కేసులో, నిర్మాత డబ్బిచ్చి రాయించుకున్న పాటకూ చేయించుకున్న బాణీకీ యజమాని నిర్మాతేనని చెప్పింది. అంటే హక్కు నిర్మాతది, గడువు మాత్రం సంగీతకర్త ఆయుష్షుతో ముడిపడింది. నిర్మాతలు చాలామంది నెగెటివ్ హక్కులను ఫైనాన్షియర్లకు అమ్ముకున్నారు, ఆడియో హక్కులను రికార్డు కంపెనీలకు ఇచ్చారు, తర్వాత టీవీ వాళ్లకు శాటిలైట్ హక్కులు ఇచ్చారు. యాభై ఏళ్ల తర్వాత ఆ కాగితాలు ఎక్కడున్నాయో పట్టుకోవడమే పెద్ద పని. 2012 సవరణతో పాటల రచయితలకూ సంగీతకర్తలకూ రాయల్టీలో వాటా తప్పనిసరి అయింది గానీ, పింగళి తరానికి అది అందలేదు.

సినిమా పాటకు ఇంత బరువుంటే, గుడి ముందు అమ్మే భక్తి పాట ఎందుకంత చవక? సాహిత్యం ఖర్చు సున్నా కాబట్టి. లింగాష్టకం, శివతాండవ స్తోత్రం ఎవరైనా పాడొచ్చు. అన్నమయ్య (1408-1503) కీర్తనలూ అంతే. ఆళ్లగడ్డ పక్కనే ఉన్న అహోబిలం నరసింహుడి మీద ఆయన చాలా కీర్తనలు రాశాడు. అహోబిల మఠానికి చెందిన శఠకోప యతి దగ్గర చదువుకున్నాడనీ చెబుతారు. అయితే ఇక్కడ కూడా పొర ఉంది. తిరుమల రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు ఉన్నాయి. పాడుకోవడానికి స్వరం లేదు. అది ఇరవయ్యో శతాబ్దంలో కట్టినది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ కట్టిన బాణీలకు (ఆయన 1979లో పోయారు) 2039 దాకా గడువుంది. నేదునూరి కృష్ణమూర్తి బాణీలకు 2074 దాకా. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ 2025 మార్చిలో పోయారు కాబట్టి ఆయన బాణీలకు 2085 దాకా. ఐదు శతాబ్దాల నాటి పాట మన చెవిన పడే రూపంలో అరవై ఏళ్ల భవిష్యత్తులోకి హక్కు మోస్తోంది.

అందుకే చవక భక్తి ఆల్బం చేసేవాళ్లు ఒక దారి కనిపెట్టారు. పాత సాహిత్యం తీసుకుని, స్థానిక గాయకుడి చేత కొత్త బాణీలో పాడించి, రెండు మూడు రోజుల్లో స్టూడియోలో ముగించడం. సాహిత్యానికి డబ్బు లేదు, బాణీ తమదే, గాయకుడికి ఒకసారి ఇచ్చే సొమ్ముతో సరి. సినిమా పాటలకైతే వెర్షన్ రికార్డింగు (అదే పాటను వేరే గొంతుతో పాడించడం) అనే వెసులుబాటు ఉండేది. 1980ల్లో టీ-సిరీస్ గుల్షన్ కుమార్ క్యాసెట్ ధరను కిందికి లాగి దేశమంతా విస్తరించింది ఎక్కువగా ఈ దారిలోనే. అప్పట్లో రెండేళ్లు దాటిన పాటను రాయల్టీ కట్టి మళ్లీ రికార్డు చేయొచ్చు. 2012లో ఆ రెండేళ్లను ఐదేళ్లు చేశారు. ఏడాదికి కనీసం యాభై వేల కాపీలకు ముందే రాయల్టీ కట్టాలన్న షరతు పెట్టారు. చిన్న వ్యాపారికి ఆ తలుపు దాదాపు మూసుకుపోయింది.

సినిమా డిస్కుల విషయంలో మన దేశంలో చవక పంపిణీకి పెద్ద ప్రయత్నం మోజర్ బేయర్ చేసింది. ఖాళీ సీడీలు తయారుచేసే కంపెనీ అది. 2007 ప్రాంతంలో వీసీడీ 28 రూపాయలు, డీవీడీ 34 రూపాయలు అని తెలుగు సహా అనేక భాషల సినిమాలను కిరాణా కొట్టు దాకా తెచ్చింది. దొంగ డిస్కు కంటే అసలు డిస్కు చవకైతే దొంగ డిస్కు ఎవరు కొంటారన్నది దాని లెక్క. వాళ్లు అమ్మినవి గడువు తీరిన సినిమాలు కావు. వేల సినిమాల హక్కులు టోకున కొన్నారు. సొంత ఫ్యాక్టరీ ఉంది కాబట్టి డిస్కు ఖర్చు పైసల్లోకి దిగింది. కానీ కొద్ది ఏళ్లలోనే జనం డిస్కు వదిలి ఫోనుకు మారారు. కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లి, 2018లో లిక్విడేషన్ (ఆస్తులు అమ్మి మూసేయడం) ఆదేశంతో ముగిసింది.

హక్కు కొన్న సినిమాకూ, గడువు తీరిన సినిమాకూ వ్యాపారంలో ఒక మౌలికమైన తేడా ఉంది. హక్కు కొన్నవాడికి పోటీ లేదు. గడువు తీరిన సినిమాను ఎవరైనా అమ్మొచ్చు. ఒకడు 30 రూపాయలకు పెడితే పక్కవాడు 25కు పెడతాడు. ధర నకలు తీసే ఖర్చు దాకా దిగి ఆగుతుంది. కొనేవాడికి అది బాగుంటుంది. కానీ ఆ ధరలో సినిమాను శుభ్రం చేయడానికి డబ్బు మిగలదు. 'మాయాబజార్' మూడు గంటల పైచిలుకు సినిమా. ఒక వీసీడీలో గంటా ఇరవై నిమిషాలకు మించి పట్టదు. సక్రమంగా ఇస్తే మూడు డిస్కులు కావాలి. రెండింటిలో ఇరికిస్తే మూడో వంతు ఖర్చు తగ్గుతుంది. అలా తగ్గించాలనుకున్నప్పుడు మొదట కోతపడేవి పద్యాలు. పద్యం కోసమే పౌరాణికం చూసే రాయలసీమ ప్రేక్షకుడికి అలాంటి 'నర్తనశాల' చవకగా దొరికినా దొరకనట్టే.

చవక అంటే నాసిరకమే కావాలని లేదు. హాంకాంగ్‌లో క్లాస్ హేమన్ 1987లో మొదలుపెట్టిన నాక్సోస్, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని తక్కువ ధరకు, మంచి నాణ్యతతో ఇచ్చింది. 1930ల నాటి రికార్డులను శ్రమపడి శుభ్రం చేసి విడుదల చేసింది. బ్రిటన్‌లో వాటి గడువు తీరిపోయింది. అమెరికాలో అమ్మేసరికి క్యాపిటల్ రికార్డ్స్ కోర్టుకెక్కింది. 2005లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం, బ్రిటన్‌లో గడువు తీరినా మా రాష్ట్రంలో తీరలేదని చెప్పింది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. అమెరికా చట్టంలో ఒక నియమం ఉంది: 1996 జనవరి 1 నాటికి సొంత దేశంలో హక్కు బతికి ఉన్న విదేశీ సినిమాకు, పాటకు అక్కడ పూర్తికాలం రక్షణ దొరుకుతుంది. అంటే విడుదలైన నాటి నుంచి తొంభై అయిదేళ్లు. 1996లో మన 'మాయాబజార్' మీద హక్కు బతికే ఉంది. కాబట్టి నంద్యాలలో 2018 నుంచి స్వేచ్ఛగా ఉన్న సినిమా డాలస్‌లో 2052 చివరిదాకా బందీ. సుబ్బులక్ష్మి సుప్రభాతం రికార్డింగుకూ ఇదే లెక్క వేస్తే అక్కడ 2058 దాకా వెళ్తుంది. పాత తెలుగు సినిమాలకు డబ్బు పెట్టి చూసే ప్రేక్షకులు చాలామంది అక్కడే ఉన్నారు. మన దగ్గరి పంపిణీదారు అందుబాటులో ఉందనుకున్న మార్కెట్ నిజానికి లేదు.

యూట్యూబ్‌లో పెట్టేవాళ్లకు మరో అడ్డంకి. అక్కడ హక్కును తేల్చేది కోర్టు కాదు, యంత్రం. కంటెంట్ ఐడీ అనే ఏర్పాటులో పెద్ద సంస్థలు తమ సినిమాల, పాటల నమూనాలు ఇచ్చి ఉంచుతాయి. ఎవరైనా అదే బొమ్మ, అదే ధ్వని పెడితే యంత్రం పట్టుకుంటుంది. గడువు తీరిందా లేదా అన్నది దానికి తెలియదు. నమూనా ముందు ఇచ్చినవాడికే ప్రకటనల డబ్బు వెళ్తుంది. అభ్యంతరం చెప్పడానికి వీలుంది గానీ, ఆ పని నిరూపణ కాగితాలతో సహా చిన్నవాడి నెత్తినే పడుతుంది.

ఇంతకంటే పెద్ద సమస్య ఒకటుంది. హక్కు తీరితే నకలు తీసే స్వేచ్ఛ వస్తుంది. నకలు తీయడానికి అసలు ఉండాలి కదా. మంచి నెగెటివ్ గానీ ప్రింటు గానీ ఉన్నవాడు దాన్ని మనకు ఇవ్వాలని చట్టం ఎక్కడా చెప్పదు. పుస్తకాలకైతే 1954 నాటి చట్టం ఉంది. ప్రచురించిన ప్రతి పుస్తకం ప్రతిని జాతీయ గ్రంథాలయానికి పంపాలి. సినిమాకు అలాంటి నిర్బంధం లేదు. పుణెలో 1964లో పెట్టిన నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ తనకు అందిన వాటిని దాచింది. 2003 జనవరిలో అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో నైట్రేట్ ఫిల్ము (సులువుగా అంటుకునే పాతకాలపు ఫిల్ము) చాలా కాలిపోయింది. మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) ఇప్పుడు మనకు చూడటానికి లేదు. దాని మీద ఎవరి హక్కూ లేదు, దాని నకలూ లేదు. నేషనల్ ఫిల్మ్ హెరిటేజ్ మిషన్ పేరుతో కేంద్రం సుమారు 597 కోట్లు కేటాయించి పాత సినిమాల పునరుద్ధరణ చేపట్టింది. ఆ పని మార్కెట్ చేయలేదని ఒప్పుకున్నట్టే.

ఒకరు సొంత డబ్బుతో పాత ప్రింటును శుభ్రం చేశారనుకుందాం. ఆ శుభ్రమైన ప్రతి మీద వాళ్లకు కొత్త హక్కు వస్తుందా? 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు, కేవలం శ్రమ, ఖర్చు చాలవు, కొంతైనా సృజన ఉండాలని చెప్పింది. ఆ తీర్పు కోర్టు తీర్పుల ప్రచురణ గురించినదే అయినా సూత్రం ఇక్కడా పనికొస్తుంది. గీతలు తుడిచి, దుమ్ము తీసినంత మాత్రాన కొత్త హక్కు కష్టం. రంగులద్దితే వాదనకు బలం ఉంది. గోల్డ్‌స్టోన్ సంస్థ 'మాయాబజార్'కు రంగులు వేసి 2010 జనవరి 30న విడుదల చేసింది. అప్పటికి నలుపు తెలుపు సినిమా హక్కు బతికే ఉంది, కొనుక్కునే చేసింది. ఇప్పుడు నలుపు తెలుపు ప్రతి స్వేచ్ఛగా ఉంది కదా అని రంగుల ప్రతిని కాపీ చేస్తే ఇబ్బంది తప్పదు. అట్ట మీద వేసే స్టిల్ ఫోటో విషయంలోనూ జాగ్రత్త కావాలి. 2012 సవరణ తర్వాత ఫోటోకు గడువు తీసినవారి జీవితకాలంతో ముడిపడింది. సినిమా గడువు తీరినా స్టిల్ గడువు మిగిలి ఉండొచ్చు.

తప్పితే ఏమవుతుంది? 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. 2022లో సుప్రీంకోర్టు ఇది బెయిలుకు వీల్లేని నేరమని స్పష్టం చేసింది. సెల్‌ఫోన్ కొట్లలో వంద రూపాయలకు మెమరీ కార్డు నింపి ఇచ్చే కుర్రాళ్లలో ఎక్కువమందికి ఈ సంగతి తెలియదు. అదే చట్టం గుడికి ఒక వెసులుబాటు ఇచ్చింది. మహానందిలో శివరాత్రి బ్రహ్మోత్సవాల సమయంలో ఉత్సవంలో భాగంగా పాట వేస్తే, పెళ్లి ఊరేగింపులో వేస్తే, అనుమతి అక్కర్లేదు. గుడి బయట కొట్టువాడు సరుకు అమ్ముకోవడానికి మైకులో వేస్తే అది ఉత్సవం కిందికి రాదు.

పొరలన్నీ ఒకేసారి విడిపోయే పాటలు కూడా దగ్గర్లోనే ఉన్నాయి. 'దేవదాసు' గ్రామఫోన్ రికార్డుల గడువు 2013తో తీరింది. బాణీలు కట్టిన సి.ఆర్. సుబ్బరామన్ సినిమా విడుదలకు ముందే, 1952లో పోయారు. ఆయన చేసిన బాణీల గడువు కూడా తీరింది. మిగిలింది సముద్రాల రాఘవాచార్య సాహిత్యం. ఆయన పోయింది 1968లో. 2029 జనవరి 1 నుంచి అది కూడా అందరిదవుతుంది. ఆ రోజున ఒకే పాటను పదిమంది పది ధరలకు అమ్మడం మొదలుపెడతారు. గీతలు లేని అసలు రికార్డు ఎవరి బీరువాలో ఉంటే వాళ్లది మిగతా తొమ్మిదింటి కంటే ఖరీదుగా ఉంటుంది.